ఏటి మనుషులకు శాలువాలు

"...అయితే చేపలకి కూడా లాగులు తొడిగెయ్యండి, ఓ పనైపోతుంది!" అంటోంది ఎడిటరమ్మ.

"వాటికి పొలుసులున్నాయి కదమ్మా," అన్నాడు బాబాయ్, కుంచె కడుక్కుంటూ.

మా ప్రచురణ సంస్థలో బొమ్మలు వేసే ఈయన వరసకి ఎవరికీ బాబాయ్ కాదు, పిలుపుకి అందరికీ బాబాయే. ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఆయన బొమ్మలో ఒంటిమీద బట్ట లేని ప్రాణి ఉండదు. రాక్షసుడికి శాలువా. జలకన్యకు శాలువా. రెక్కల గుర్రానికి, రెక్కలు బయటికొచ్చేలా కంతలు పెట్టిన దుప్పటి. ఒకసారి పిల్లల పుస్తకానికి అస్థిపంజరం కావాలంటే మెడకి మఫ్లరు చుట్టి మరీ ఇచ్చాడు.

"ఎముకలకి సిగ్గేమిటి బాబాయ్?" అని అడిగాను.

"సిగ్గని నేనెప్పుడన్నాను?" అన్నాడు. ఆఫీసంతా ఆయన్ని చాదస్తుల్లో జమకట్టేసింది.

ఈసారి గొడవ నా నవల గురించి. నేను కల్పించిన ఏటి మనుషులు బట్టలు కట్టరు. వాళ్ళ లోకంలో అది తప్పూ కాదు, గొప్పా కాదు. మనం అరచేతులు కప్పుకోకుండా తిరగడం లాంటిదే. అక్కడ బట్ట కప్పుకునేది దూరమైన మనిషి కోసం బెంగపడేవాళ్ళు మాత్రమే. బాబాయేమో పెళ్ళి ఘట్టంలో వధూవరులకీ, చుట్టాలకీ, డోలు కొట్టేవాడికీ, ఆఖరికి డోలుకీ శాలువాలు కప్పాడు.

"ఇది పెళ్ళిలా లేదు బాబాయ్, పరామర్శలా ఉంది. ఇంతమందీ ఎవరి కోసం ఏడుస్తున్నారో నేనింకో అధ్యాయం రాయాలి."

"రేపు అచ్చుకి పోవాలి," అంది ఎడిటరమ్మ. "ఇవే ఇస్తానంటే బొమ్మల్లేకుండా వేసేస్తా."

ఆయన బొమ్మలు లేని పుస్తకం నాకు అక్కర్లేదు. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. పిన్ని పోయి రెండేళ్ళయింది. ఆవిడ కుర్చీ ఇంకా కిటికీ పక్కనే ఉంది, దాని వీపుమీద గోధుమరంగు శాలువాతో సహా.

"మీ పిన్నిని మొదట చూసింది బొమ్మల కాలేజీలో," అన్నాడు బాబాయ్. "బట్టల్లేకుండా నిలబడేది, మేం గీసుకునేవాళ్ళం. అదే ఆవిడ ఉద్యోగం. ఆవిడకి సిగ్గు లేదు, అదంతా మాకే. కానీ ఆ గదిలో కిటికీ అద్దం పగిలి ఉండేది. ఆవిడ చలికి వణికితే, మావాళ్ళు గీత చెడిందని విసుక్కునేవాళ్ళు. నేను లేచెళ్ళి నా శాలువా, అదిగో ఆ కుర్చీ మీదున్నదే, కప్పాను. మాస్టారు నన్ను బయటికి గెంటారు."

"పిన్నేమంది?"

"పని చెడగొట్టానని తిట్టింది. శాలువా మాత్రం తిరిగివ్వలేదు."

ఇద్దరం నవ్వాం. కాసేపటికి ఆయనే అడిగాడు.

"మీ ఏటి దగ్గర చలేస్తుందా, అమ్మాయ్?"

"లేదు బాబాయ్. అక్కడి రాళ్ళు తెల్లారేదాకా వెచ్చగానే ఉంటాయి."

"ఆ మాట పుస్తకంలో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని, కొత్త కాగితం తీశాడు. పెళ్ళికొడుకు బొజ్జ, ముసలమ్మ ఎముకల భుజాలు, పెళ్ళికూతురి తడి వీపు ఒక్కొక్కటే కాగితం మీదికి వచ్చాయి. ఎవరి ఒంటిమీదా ఎండ తప్ప ఏమీ లేదు.

ఒడ్డున కాస్త చోటు మిగిలింది. బాబాయ్ పెన్సిల్ ఆపి, కిటికీ పక్క కుర్చీ వైపు చూశాడు.

"ఇక్కడ ఒక ముసలాయన్ని కూర్చోబెడతాను," అన్నాడు. "శాలువా ఆయన ఒక్కడికే ఉంచుతాను."