నీలిరంగు పడ్డ గొర్రెలు

వై టూ కే హడావుడి ముగిసి, కంప్యూటర్లలో తేదీలు సరిదిద్దే పని తగ్గిపోయిన రోజులవి. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మా పక్కింటి అక్క ఒక శనివారం నన్ను గొర్రెల దగ్గరికి లాక్కుపోయింది. అక్కది అనంతపురం, పశువుల డాక్టరు. ఆమె మాట నమ్మి ఒక రైతు సన్నని ఉన్నినిచ్చే తన మెరీనో మందలో సగానికి బోర్డర్ లెస్టర్ అనే వేరే జాతి పొట్టేళ్లను జతచేశాడు. వాటికి పుట్టిన ఆడగొర్రెలు ఇప్పుడు తొలిచూలుతో ఉన్నాయి. వాటి ఉన్ని ముతకగా ఉందని గొణిగే రైతు, కవలలు కనబడకపోతే అన్నింటినీ కబేళా లారీ ఎక్కిస్తానన్నాడు.

అక్క ఒక్కో గొర్రెకూ స్కానింగ్ చేస్తోంది. కవలలుంటే నేను వీపు మీద నీలిరంగు కొట్టాలి.

"అక్కా, తెర మీద నాకు ముసురు తప్ప ఏం కనపడ్డంలేదు."

"నీకెట్ల కనపడ్తాది లే. రంగు కొట్టు. మెరీనో మామూలుగా ఒకదాన్నే ఈన్తాది. వీటి నాయన జాతిలో కవలలెక్కువ. పైగా దూరపు రక్తాలు కలిసినాయి, బిడ్డ తల్లిని మించుతాది."

మధ్యాహ్నానికి డబ్బా అయిపోయింది. మందంతా ఆకాశం ఊడిపడినట్టు నీలంగా మారిందని నేను ఇప్పటికీ చెబుతాను. సగానికి కాస్త పైన, అంతే, అని అక్క సరిదిద్దుతుంది.

రైతు నా చొక్కా మీద పడ్డ నీలిరంగు చూసి, "నీకూ కవలలే, మేట్," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"డాక్, మిగతా సగం మెరీనోలకీ ఆ పొట్టేళ్లనే వదులుదాం."

పొద్దుటి నుంచి వంచిన నడుము అక్క అప్పుడు ఎత్తింది.