తెగిన దారానికి బాపు ముడి

విమానం ఎడమ రెక్క దగ్గర పెద్ద చప్పుడైంది. ఆ వైపు మోత ఆగిపోయింది. కిటికీ పక్కన కూర్చున్న మా అక్క నా చెయ్యి పట్టి గుంజింది. ఆ గుంజుడుకు ఆమె మణికట్టు మీది నల్లదారం నా గడియారం పట్టీకి తగులుకుని తెగింది. కిందపడిన దారాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఈ సంగతి గట్టిగా గుర్తుంది.

జగిత్యాలలో పత్రికలో పని చేసినన్నాళ్లూ, ఎవరైనా దయ్యం కనిపించిందని వార్త తెస్తే, చూసినాయన ఏం తాగి ఉన్నాడో ముందు కనుక్కోమని పంపేవాణ్ణి. ఇప్పటికీ నా పద్ధతి అదే. అందుకే ఇది రాయాలంటే నాకే చిరాకుగా ఉంది.

అక్కది సిరిసిల్ల. ఇంటి వెనకే సాంచాల షెడ్డు. మరమగ్గాలను అక్కడ సాంచాలే అంటారు. మస్కట్‌లో ఉన్న ఆమె బిడ్డకు తొలి కాన్పు దగ్గరపడింది. చూసుకోవడానికి అక్కడ ఆడమనిషి లేదు. అక్కకేమో విమానమంటే ప్రాణభయం. ఒకసారి అమావాస్యని, ఒకసారి బల్లి పడిందని టికెట్ మార్పించింది. చివరికి కోరుట్లలో ఉంటున్న నన్ను తోడు రమ్మంది. వేములవాడ గుడిలో దారం కట్టించుకుని, పుట్టిన పిల్లను ఎత్తుకునేదాకా అది తెగొద్దని మొక్కుకుంది.

"సాంచ ఆగింది రా తమ్మీ!" అంది కళ్లు మూసుకుని.

ఒక ఇంజన్ ఆగిందని, రెండోదానితో హైదరాబాద్ తిరిగి వెళ్తున్నామని పైలట్ చెప్పాడు.

"నీ షెడ్ల ఒక సాంచ ఆగితే మిగిలినయి నడుస్తలేవా?" అన్నాను.

"గవి నేల మీదుంటయి గదరా!"

దిగేదాకా నా చేతిని రెండు చేతులతో పట్టుకునే ఉంది. గోళ్లు దిగిన గుర్తులు రెండు రోజులున్నాయి.

విమానాశ్రయంలో అక్క కుర్చీకి అతుక్కుపోయింది. "నేనెక్క. దారం తెగినంక ఎట్ల ఎక్కుత?"

మళ్లీ కడదామని జేబులో చెయ్యి పెట్టాను. దారం లేదు. అంతలో ఆమె మొహం తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. దారం మణికట్టుకే ఉంది.

తెగినచోట చిన్న ముడి. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. ఒక కొస మాత్రం పొడుగ్గా మిగిలి ఉంది. మగ్గం నేసే మా నాన్న, మా బాపు, ఈ ముడి వేసి కొసలను పంటితో కొరికేవాడు. ఒకటి ఎప్పుడూ పొడుగ్గానే మిగిలేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

"బాపు ముడి! ఎన్ని దెబ్బలు తిన్నా నీకు రాకపోయె. ఎప్పుడు నేర్సినవ్ రా?"

నేను కట్టలేదంటే ఆమె కదలదు. మస్కట్‌లో మేనకోడలు ఎదురుచూస్తోంది.

"ముందైతే ఎక్కు" అన్నాను. మర్నాడు ఎక్కింది.

తర్వాత చెయ్యాల్సిన విచారణంతా చేశాను. మా వరుసలో మూడో మనిషిది మేడిపల్లి, వ్యవసాయదారుడు. ముందు సీటుకు తల ఆనించి దండం పెడుతూనే ఉన్నాడు. దారం సంగతి అడిగితే నన్నే అనుమానంగా చూశాడు. మస్కట్‌లో అక్కకు వేరే దారమిచ్చి, తన మణికట్టుకు తనే ఆ ముడి వేసుకోమన్నాను. ఎంత తిప్పలు పడ్డా కుదరలేదు. "మతి తప్పిందా? వేసినోనివి నువ్వు, నన్నడుగుతవేంది?" అని కసిరింది.

మనవరాలు పుట్టింది. మొక్కు తీరినా అక్క ఆ దారం తియ్యలేదు. నెలలు గడిచినా పొడుగు కొస అలాగే ఉంది. ఇప్పుడు పిల్ల చేతికి తొడిగే దారానికి కూడా అదే ముడి నేనే వేసి పంపాలట. సిరిసిల్లకు తిరిగొచ్చింది, అక్కడి నుంచి దారం పంపింది. రోజూ ఫోను.

దారం నా బల్ల మీదే ఉంది. ఆ ముడి వెయ్యడం నాకు ఇప్పటికీ రాదు.