బోణీ కోసం ఆగిన ఉదయం

ఎమ్మిగనూరులో రోజూ పొద్దున మా చీరల కొట్టు షట్టరు ఎత్తగానే కొత్త నేత గంజి వాసన ముఖానికి కొడుతుంది. ఆ వాసనకు నాకిప్పటికీ ఒక పాత బేరం గుర్తొస్తుంది. ఊపిరాడని మనిషిని కూర్చోబెట్టి బోణీ బేరం నడిపిన ఘనుణ్ణి నేను. ఇలాంటి వ్యాపారి ఇంకొకడుంటే చూపించండి.

ఆ మనిషి నాగరత్నక్క. ఆదోనిలో ఆమె కొట్లోనే పని నేర్చుకున్నాను. ఆమె మోకాళ్ల దగ్గర, మణికట్టు మీద ఎముకలు బుడిపెల్లా పెరిగి ఉండేవి. ఎవరైనా అడిగితే, “మా నాయన ఇచ్చిన ఆస్తి. అన్నదమ్ములు భాగానికి రాలేదు” అని నవ్వేది.

ఒక ఉదయం చీరల మూట ఎత్తబోయి, ఎడమ పక్క పట్టుకుని కూర్చుండిపోయింది.

“యాడ నొస్తాండాదక్కా?”

“ఈడ. లోపల సూదితో పొడిసినట్లుండాది.”

“ఆస్పత్రికి పోదాం పా.”

“బోణీ కాకుండా షట్టర్ దించేదా? నోర్మూసుకోప్పా.”

చెయ్యి పట్టి లాక్కుపోవలసింది. నేను బేరానికి దిగాను: బోణీ కాగానే ఆటో ఎక్కాలి. సరేనంది. గెలిచాననుకున్నాను. నేనే ఒక చీర కొనబోతే, “ఇంటోని దుడ్లు బోణీ కాదు” అంది. మాట మాటకూ ఊపిరి తెగుతోంది, పెదవులు పాలిపోతున్నాయి. రోడ్డు మీదికి పరుగెత్తి, కైరుప్పల నుంచి వచ్చిన ఒకామెను బతిమాలి తెచ్చాను. ఆమె తీరిగ్గా మడతలన్నీ విప్పించి, ఒకదానికి సగం ధర అడిగింది.

“తీస్కో తల్లీ!” అన్నాను.

ఆమె చీరను వెలుతురుకు పట్టింది. “అడిగిందే తడవు ఇంత బిన్నా ఇస్తాండావే, యాడన్నా చిరిగిందా?”

వెనక నుంచి అక్క గొంతు, ముక్కలుగా: “ఆ రేటుకు... ఇయ్యమమ్మా... పెట్టేసి పో.”

ఆమె అనుమానం తీరింది. ఇంకొంచెం పెంచి కొనుక్కుపోయింది. అక్క ఆ నోట్లు కళ్లకద్దుకుని, అలాగే నా మీదికి ఒరిగింది.

ఆస్పత్రిలో స్కాను తీశారు. ఎడమ ఛాతీ నిండా రక్తం. పక్కటెముకకూ అలాంటి బుడిపే ఉందట. క్యాన్సర్ కాదు, మామూలు ఎముకే. దాని మొన లోపలికి తిరిగి, మూట ఎత్తినప్పుడు ఊపిరితిత్తి పొరను చీల్చింది. గొట్టం వేసి రక్తం తీస్తూ డాక్టరు నా మీద అరిచాడు: “ఇంతసేపు ఏం చేస్తున్నావయ్యా?” మాస్కు లోపల నుంచి అక్కే చెప్పింది: “బోణీ సార్.”

కర్నూలులో ఆ బుడిపె కోసి తీసేశారు. అక్క బతికింది. పోయినేడు వయసు మీద పడి పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మా కొట్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా, బోణీ చూడకుండా షట్టరు దించేస్తాను. మంచివాడంటారు. నిజం లెక్క వేరు. ఆ ఉదయం వచ్చింది ఒక చీర వెల. పోయింది ఆమె రక్తం. బేరమాడిన నాది అందులో చుక్క కూడా లేదు.