వేలికి మత్తు, నోటికి గుడ్డ

ముందే ఒప్పుకుంటున్నాను. నా నోట్లో పడితే పిల్లి కూడా పులి అవుతుంది. ఏ లెక్క చెప్పినా సగం తగ్గించుకుని చదవండి.

నిజాం కాలం. జడ్చర్ల స్టేషను పక్కన మా సిపాయిల పల్టన్ డేరాలు. ఉదయం ఎనిమిదింటికి దిగాను. వాన వెలిసి మూడు రోజులు. బురద మోకాళ్ల దాకా. అందులో మునిగిన ఎద్దు మహబూబ్‌నగర్‌లో తేలిందట. నా దగ్గర ఒక రైఫిలు, ఒక కంబళి, ఒక మగ్గు. హుకుం ఒకటే: పదిహేను రోజుల్లో గురి పరీక్ష. తప్పితే ఇంటికి.

నాలుగో రోజుకు నా కుడి చూపుడు వేలు గుమ్మడికాయంత అయింది. తుమ్మముల్లు. కాపలాలో గుచ్చుకుందని చెప్పాను. నిజానికి మా హవల్దార్ డేరా వెనక కంచెలో చెయ్యి పెట్టాను. అవతల గడ్డిలో ఆయన సీతాఫలాలు మాగబెట్టాడు. సెలవుకు మోత్కూర్ వెళ్లి తల్లికి ఇవ్వాలని. అరవై పండ్లు. అన్నీ నేనే తిన్నాను.

చీము పట్టింది. దవాఖాన డేరాకు హవల్దారే నడిపించుకుపోయాడు. దారిలో వంటవాడు గరిటె ఊపాడు.

"మత్తు సూది ఏస్తరు బిడ్డా! మత్తెక్కితే కడుపుల దాసిన ముచ్చటంతా కక్కుతవ్. మా బామ్మర్ది కల్లు తాగి పెండ్లాం ముంగట గట్లనే కక్కిండు."

తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

డాక్టరు వేలు తిప్పి చూశాడు. "ఇంక ఆగితే ఎముకకు దిగుతది. అప్పుడు వేలే తీసెయ్యాలె."

వేలు పోతే గురి పోయినట్టే. నౌకరీ పోయినట్టే.

"వాపు మీదనే మత్తు సూది ఏయండి సాబ్," అన్నాడు హవల్దార్.

"చీమున్న కాడ మందు సరిగ పనిచెయ్యది. చీముల పులుపుగుణం దాన్ని నరంలకు పోనియ్యది. వేలు మొదట్ల ఏసి దారి మూస్తా. నొప్పి కబురు పైకి పోదు."

"ఎక్కువసేపు ఉండే మందుంటదట గద?"

"ఉంటది. నెత్తురు పారకం తగ్గించి మందును ఆడనే నిలుపుతది. వేలికి గది ఏస్తే నెత్తురందక నల్లబడొచ్చు. నీ వేలిస్తవా, చూద్దాం?"

హవల్దార్ చేతులు వెనక్కి దాచుకున్నాడు.

వేలు మొదట్లో రెండు పక్కలా సూది దిగింది. పది నిమిషాలు ఆగమన్నారు. కూర్చున్నాను, లేచాను. డేరా గుంజలు లెక్కపెట్టాను, ఆరు. మళ్లీ లెక్కపెట్టాను, తొమ్మిది. మత్తు నాలుక దాకా ఎక్కిందేమోనని నాలుక కొరుక్కుని చూశాను.

డాక్టరు సూదికొసతో పొడిచాడు. "నొప్పా, ఒత్తుడా? నొప్పి ముందు పోతది, ఒత్తుడు జర సేపు తెలుస్తది. నోరు తెరిచి చెప్పురా, చెప్పకుంటే కొయ్యను."

తువ్వాలు తీశాను. "ఒత్తుడే సాబ్. సీతాఫలాలు నేనే తిన్న!"

డాక్టరు పగలబడి నవ్వాడు. "మత్తు ఏలికేసిన, నాలుకకు గాదు. గిది నీ అంతట నువ్వే కక్కినవ్."

కోశాడు. చీము పోయింది, వేలు మిగిలింది. గురి పరీక్ష నెగ్గాను. కొన్నేళ్లకు పెట్టె సర్దుకుని నల్లగొండ వైపు మా ఊరికి వచ్చేశాను.

ఇక అబద్ధం సంగతి. పండ్లు అరవై కాదు, ఐదు. ఆయన దాచినవీ ఐదే. గుంజలు ఆరే. కానీ అసలు కల్పించింది వేరే ఉంది. నేను తువ్వాలు తియ్యలేదు. నొప్పా అంటే అడ్డంగా, ఒత్తుడా అంటే నిలువుగా తలూపాను. ఒక్క మాట బయటికి రాలేదు. హవల్దార్ వట్టి చేతులతో మోత్కూర్ వెళ్లాడు.

కట్టు కట్టేటప్పుడు ఆయనే నా వేలు పట్టుకున్నాడు. "కాపలాల దెబ్బ తిన్న బిడ్డ, జర మెల్లగ," అన్నాడు డాక్టరుతో. అప్పటికి ఒత్తుడు కూడా పోయింది. ఆయన ముతక వేళ్లు నా వేలిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. చూస్తున్నాను. పట్టుకున్నట్టు తెలియడం లేదు.