అంతోనయ్య ఎలుకలు

సారపాకలో బండ్ల కరెంటు పని చేసే అంతోనయ్యకు తెలిసిన రోగకారణం ఒక్కటే, ఎలుక. లారీ లైటు వెలగకపోయినా, జీపు హారన్ మూగబోయినా, ట్రాక్టరు బ్యాటరీ చచ్చినా ఆయన బండి కింద దూరి, పది నిమిషాలు మూలిగి, బయటికొచ్చి ఆ ఒక్క మాటే అనేవాడు. షోరూమ్ నుంచి నేరుగా వచ్చిన కొత్త లారీకీ అదే తీర్పు.

"సీటు మీది కవరు గూడ తీయలె. అప్పుడే ఎలుకేందే?" అని ఓనరు అడిగాడు.

"షోరూమ్‌ల నుంచే ఎక్కింది" అన్నాడు అంతోనయ్య. "మంచి తిండి తిన్న ఎలుక."

ఒకసారి బద్యా అనే లారీ డ్రైవరు పెళ్లిభోజనం చేసి, లైట్లు ఆర్పకుండా పగలంతా నిద్రపోయాడు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఎలుక స్విచ్ వేసిందని అంతోనయ్య ఓనరుకు చెప్పాడు.

"ఆ స్విచ్ ముందుకు గుంజాలె గదా?"

"అవ్. తోకతోని గుంజింది."

ఇంట్లో కూరలో ఉప్పెక్కువైనా ఈయన ఎలుకనే అంటాడని భార్య ఆరోగ్యమ్మ చర్చిలో అందరికీ చెప్పి నవ్వేది.

అదే ఎలుక మీద డ్రైవర్ లాలు బతుకు వేలాడిన రోజొకటి వచ్చింది. లాలు నడిపేది వెదురు కాంట్రాక్టరు వెంకటరామారావుగారి అంబాసిడర్. ఎనభై నాలుగు వేసవిలో ఒక మధ్యాహ్నం రావుగారు భోంచేసి కునుకు తీస్తుండగా ఆవరణలోని కారు గొంతు చించుకుని హారన్ కొట్టింది. ఆయన పంచె సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి కారు తలుపు తెరిచి ఉంది, స్టీరింగ్ కింద అట్ట ఊడి ఉంది, లోపలి తీగలు బయటికి వేలాడుతున్నాయి. మనిషి జాడ లేదు. గేటుకు లోపలి గడియ వేసినది వేసినట్టే ఉంది. పెరట్లో బనీను ఉతుక్కుంటూ లాలు దొరికాడు.

"తాళం నా జేబులనే ఉంది గద సారూ. తీగలు పీకే పని నాకేంది?"

"అదేరా నీ తెలివి. తాళం ఉన్నవాడు తీగలు పీకడని మేం అనుకోవాలనే పీకావు."

ఈ లెక్క లాలుకు అర్థం కాలేదు గానీ పోయేదేమిటో అర్థమైంది. పదకొండేళ్ల నౌకరి. అంతోనయ్య వచ్చి ఇది దొంగపనేనని తేల్చగానే పోలీసులకు అప్పగిస్తానని రావుగారు చెప్పేశారు.

అంతోనయ్య సైకిలు మీద వచ్చి, లాలునే సీట్లో కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. తాళం తిప్పితే వైపర్లు ఊగాయి. బ్రేకు తొక్కితే హారన్ మోగింది. హారన్ నొక్కితే ఎడమవైపు ఇండికేటరు కన్ను కొట్టింది. గోడ మీద చేరిన పక్కింటివాళ్లు మళ్లీ నొక్కమని అడిగారు.

ఆయన వెల్లకిలా పడుకుని స్టీరింగ్ కింద తల పెట్టాడు. లాలు టార్చి పట్టుకుని వంగాడు. అక్కడ హారన్‌ది, వైపర్‌ది, స్టార్టర్‌ది మూడు తీగలు ఒలిచి, పాయలు తీసి, చివరిదాకా ముచ్చటగా జడ అల్లి ఉన్నాయి. తాళం లేకుండా బండి స్టార్ట్ చేయడానికి అట్లా తీగలు కలిపే దొంగ ఈ అడవి చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

లాలు తల తిప్పి చూశాడు. అరుగు మీద రావుగారి కూతురు హైమ ముఖం పాలిపోయి నిలబడి ఉంది. డిగ్రీ అయిపోయిన ఆ పిల్ల కారు నేర్పించమని రెండు నెలలుగా తండ్రి ప్రాణం తీస్తోంది. ఆడపిల్లకు స్టీరింగెందుకని ఆయన నవ్వేస్తున్నారు.

"నాన్నా, అది..." అంటూ హైమ మెట్టు దిగింది.

"ఎలుక" అన్నాడు అంతోనయ్య కారులోంచి. కటింగ్ ప్లేయరు టక్కుమంది. జడ తెగి ఆయన జేబులోకి పోయింది.

"ఎలుక స్క్రూలు విప్పుతుందా?" రావుగారు గుడ్లురిమారు.

"విప్పదు సారూ. మొన్న నేనే బిగించుడు మరిచిన. అట్ట జారింది, ఎలుక దూరింది, తీగలు కొరికింది, ఒకదానికొకటి తగిలి హారన్ మోగింది."

"మరి తలుపు?"

"అది గూడ నేనే సరిగ వెయ్యలేదేమో. తప్పు నాది."

రావుగారు పావుగంట తిట్టారు. నీ అనుభవమంతా గోదాట్లో కలిపావా అన్నారు. అంతోనయ్య తల వంచుకుని విన్నాడు. లాలు చెవికి ఆ తిట్లేవీ ఎక్కలేదు. ఆయన పట్టిన పాత ఎలుకలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ప్రతి ఎలుక వెనకా నౌకరి పోకుండా బతికిపోయిన డ్రైవరో, క్లీనరో ఉన్నారు. ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి నవ్వినందుకు లాలుకు సిగ్గేసింది. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

రావుగారు లోపలికి పోగానే హైమ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది.

"తప్పయింది లాలూ. ఇంకొక్క నిమిషమైతే చెప్పేసేదాన్నే" అంది.

"బిడ్డా," అన్నాడు అంతోనయ్య గ్లాసు అందుకుంటూ, "ఆ ఎలుకకు బండి నేర్వాల్నని ఉంటే తీగలు కొరకొద్దని చెప్పు. ఆదివారం చర్చిల పూజ అయినంక మా షెడ్డుకు రమ్మను. పాత జీపుంది. లాలు నేర్పుతడు."

"సారుకు తెలిస్తే?" అన్నాడు లాలు.

హైమ వంటింటి కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"జీపులో ఇంకొకరికి చోటుంటుందా? స్క్రూలు నేను విప్పాను. అల్లింది మా అమ్మ."

అంతోనయ్యకు మజ్జిగ పొలమారింది. ఎలుకలు రెండు ఉండొచ్చని ఇన్నేళ్ల సర్వీసులో ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు.