తెలుపు కింద బొమ్మలు

వీధిలో అందరూ ఆమెను బొమ్మలావిడ అంటారు. తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆమెకు అక్షరాలు ఒంటబట్టింది బడిలో కంటే నిచ్చెన మీదే ఎక్కువ. బోర్డులు రాసేవాళ్లు తప్పు పడిన అక్షరాన్ని గోకరు. దాని మీద తెల్లరంగు కొట్టి, ఆరాక మళ్లీ రాస్తారు. గోకితే రేకు పాడవుతుంది. కప్పితే ఎవరికీ తెలియదు.

రేకు బోర్డుల కాలం పోయింది. ఆమె కంప్యూటరు నేర్చుకుంది. అలవాటు మాత్రం చేతిని వదల్లేదు.

పిల్లల ఆసుపత్రి వాళ్లు గోడలకు బొమ్మలు కావాలన్నారు. ఇన్నేళ్లూ ఎవరెవరి పేరుతోనో చేసిపెట్టింది. ఈసారి తన పేరుతోనే పంపాలనుకుంది. గోడకో పేజీ: గోడ ఫొటో, దాని మీద బొమ్మ. పీడీఎఫ్ తయారైంది. గడువు ఈ సాయంత్రమే. ఆసుపత్రి వెబ్‌సైటు పది ఎంబీ దాటితే తీసుకోదు. ఆమె ఫైలు మూడు వందలు దాటి కూర్చుంది.

మధ్యాహ్నం నుంచి ఆమెకు కాలు నిలవడం లేదు. లేస్తుంది, గదిలో తిరుగుతుంది, మళ్లీ వచ్చి అదే అంకె చూస్తుంది. చివరికి సైజు తగ్గించమని నొక్కింది. ఫైలు ఒక్కసారిగా చిక్కిపోయింది. గోడలు కొలిచిపెట్టే తమ్ముడు తెర మీదికి వంగాడు.

"అక్కా, ఏనుక్కి కళ్లు పోయాయే."

"నోరు మూసుకో."

"జ్వరంతో వచ్చిన పిల్లలు దీన్ని చూస్తే జడుసుకుని ఇంకో రెండ్రోజులుంటారు. ఆసుపత్రికి లాభమేలే."

ఆమెకు నవ్వు రాలేదు. కాస్త తక్కువ తగ్గించి చూసింది. కళ్లు తిరిగొచ్చాయి. బరువూ తిరిగొచ్చింది.

"ఫొటోలు చిన్నవి చేశావా?"

"చేశాను."

"మరి ఇంత బరువెక్కడిదే? పట్టుమని పది పేజీలు లేవు."

మౌసు లాక్కుని ఏనుగును పక్కకు జరపబోయాడు. దాని వెనక తెల్లరంగు నింపిన డబ్బా ఒకటి బయటపడింది. దాని కింద ఇంకో ఏనుగు, తొండం వంకర. దాని కింద మళ్లీ తెలుపు. దాని కింద మరో ఏనుగు.

"ఇదేంటే?"

"తప్పొచ్చింది. కప్పేశాను."

"కప్పితే పోతాయా? అన్నీ ఫైల్లోనే ఉన్నాయి. అడుగున సంత నడుపుతున్నావు!"

ఆమె మొహం ఎర్రబడింది. "నాన్న అలాగే చేసేవాడు."

"నాన్న రేకుని ఎవరూ ఇంటర్నెట్లోకి ఎక్కించలేదే తల్లీ."

మౌసు తీసుకుని తెలుపు తీయడం మొదలుపెట్టింది. పేజీ తర్వాత పేజీ. అడుగున ఉన్నదాన్ని చూడకుండానే చెరిపేసింది. ఫైలు తేలికవుతూ వచ్చింది.

చివరి పేజీలో చెయ్యి ఆగింది. అది తల్లులు పిల్లలతో కూర్చుని వంతు కోసం ఎదురుచూసే గది గోడ. పైన పిట్టల వరస. తెలుపు కింద కిటికీ దగ్గర ముడుచుకుని కూర్చున్న పాప, బయటికి చూస్తూ. మొదట గీసింది అదే. ముందే చూపిస్తే ఆసుపత్రి ఆఫీసరమ్మ, దిగులుగా ఉందండీ, పిట్టలు పెట్టండి అంది. పెట్టింది. పిట్టలు ముద్దుగానే ఉన్నాయి. ఒక్కటీ ఎగిరేలా లేదు.

"తీసెయ్, టైమవుతోంది."

"రెండూ ఉంచితే?"

"గోడకు ఒక్క బొమ్మే అన్నారుగా."

ఆమె పిట్టల్ని పట్టుకుని చెరిపేసింది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "వాళ్లు వద్దన్నది ఆ పాపనేగా?"

"అవును."

"పని చేజారితే?"

"జారితే నా పేరు మీదే జారుతుంది."

ఈసారి కొంచెం తగ్గిస్తే సరిపోయింది. ఏనుగు కళ్లున్నాయి. పాప వేళ్లు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఫైలు పదిలోపే. పంపింది. అందినట్టు తెర మీద పడింది. ఇక మార్చడానికి వీల్లేదనీ పడింది.

తమ్ముడు చెప్పులు వేసుకుంటున్నాడు. ఆమె చెయ్యి ఇంకా మౌసు మీదే ఉంది.