నాన్న మజ్జిగలో ఉప్పు

నా చిన్నతనమంతా ఉక్కు ప్లాంటు క్వార్టర్లో గడిచింది. నాన్న ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసేవారు. ఫస్ట్ షిఫ్టు ముగించుకుని సైకిలు మీద ఇంటికొచ్చేసరికి చెమట ఎండిన చొక్కా వీపు మీద తెల్లగా చారలు కట్టి ఉండేవి. అమ్మ పెద్ద స్టీలు గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడేది. అందులో పల్చటి మజ్జిగ, దాంట్లో చెంచాడు ఉప్పు. నేనొకసారి ఆశపడి ఒక గుక్క తాగి, థూ అని ఉమ్మేశాను. నాన్న పడీ పడీ నవ్వారు.

"ఏటమ్మా, ఫర్నేస్ కాడ నిలబడీవోడికి ఇదే మందు. ఉప్పు లేకపోతే కళ్లు తిరిగి పడిపోతాం," అనేవారు. అబద్ధమేం కాదు. ఎండాకాలం డ్యూటీలో ఉప్పునీళ్లు తాగమని అక్కడి పెద్దవాళ్లే చెప్పేవారు. మా వీధిలో ఏ ఇంట చూసినా అదే గ్లాసు, అదే ఎదురుచూపు. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

రిటైరయ్యాక నాన్న ఆ ఊళ్లోనే వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఫర్నేస్ పోయింది, చెమట పోయింది. సైకిలు పోయి స్కూటరు వచ్చింది, వీధి చివర పాల ప్యాకెట్టుకి కూడా దాని మీదే. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. కూలర్ ముందు చల్లగా కూర్చున్న మనిషికి అదే గ్లాసు, అదే మోతాదు! మాలో ఒక్కరికైనా తప్పనిపిస్తేనా? అదీ మా తెలివి.

కిందటేడు నాన్నకి మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. డాక్టరు రెండుసార్లు బీపీ చూశారు, బాగా ఎక్కువుంది. పరీక్షలు చేయించి, గుండె కండరం మందమెక్కిందన్నారు. మందులు రాసిచ్చి, ఉప్పు బాగా తగ్గించాలి, రోజూ నడవాలి, లేదంటే గుండెపోటో పక్షవాతమో రావచ్చని చెప్పారు. నాన్నతో ఒకే షిఫ్టు చేసిన స్నేహితుడు అప్పటికే పక్షవాతంతో మంచంలో ఉన్నారు.

నాన్న నడకకి ఒప్పుకున్నారు. ఉప్పు మాటెత్తితే, "అరే ఛోడో అమ్మా! ఇన్నేళ్లు తాగినాను, నాకేటయింది?" అని కొట్టిపారేశారు. నేను ఊరుకునే రకమా? ఆవకాయ జాడీ అదే ఊళ్లో, రుఆబాంధాలో నేను కాపురముంటున్న ఇంటికి మోసుకుపోయాను. అప్పడాలు పనిమనిషికిచ్చేశాను. నెల తిరిగినా బీపీ దిగలేదు. అనుమానం వచ్చి ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. వంటింట్లో అమ్మ గ్లాసులో పోసిన మజ్జిగలో ఉప్పు వేసి గబగబా కలుపుతోంది.

ఒళ్లు మండిపోయింది. "నీ చేత్తో నువ్వే నాన్నని చంపుకుంటావా?" అని అరిచేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది. "డ్యూటీ నుంచి సేమంగా వచ్చినారనీసి, రోజూ ఈ చేత్తోనే ఇచ్చినాను. ఈ చెయ్యేనా ఆయన్ని చంపుతన్నాది?" అంటూ నేల మీద కూలబడి ఏడ్చింది.

నాన్న హాల్లోంచి లేచి వచ్చారు. నా వైపు చూడలేదు. ఆ గ్లాసు సింకులో పారబోసి, గిన్నెలో మిగిలిన చప్పటి మజ్జిగ వంచుకుని గటగటా తాగేశారు.

"బాగానే ఉందే! ఇన్నాళ్లూ ఇలాగ ఎందుకివ్వలేదు?" అన్నారు అమ్మతో.

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంకో గ్లాసు పొయ్యనా?"

"పొయ్యి," అన్నారు నాన్న.